డబ్బా మార్చుకుంటాం, పుస్తకం ఇప్పించండి

గౌరవనీయులైన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,



మీ శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు ముందుగా తీసుకుంటామంది. ఆ ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, ఆ హక్కు పేరుతో ఒక పోర్టల్ కూడా తెరిచారు. సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. విజయవాడలో పాలిటెక్నిక్ పిల్లలకి ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. చేతిలో స్క్రూడ్రైవరు లేకపోతే పొద్దు పోదు నాకు. ఆ నాలుగు రంగాల్లో ఆఖరిదాని గురించి, అందులోనూ కారు డ్యాష్‌బోర్డు కింద బిగించి ఉండే ఒక ఎలక్ట్రానిక్ డబ్బా గురించి ఈ ఉత్తరం.

ఇవాళ్టి కారులో ఇలాంటి డబ్బాలు చాలానే ఉంటాయి. ఇంజినుకొకటి, బ్రేకులకొకటి, ఎయిర్‌బ్యాగులకొకటి, స్టీరింగుకొకటి. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు, హారను, డోర్ లాకుల పెత్తనమంతా బాడీ కంట్రోల్ మాడ్యూల్‌ది. మెకానిక్కులు బీసీఎం అంటారు. పాత కార్లలో వైపరు స్విచ్చి తిప్పితే కరెంటు తిన్నగా మోటారుకి పోయేది. ఇప్పుడు స్విచ్చి చేసేది అర్జీ పెట్టుకోవడం వరకే. మంజూరు చేసేది బీసీఎం. ఈ డబ్బాలన్నీ మెలేసిన రెండు తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. క్యాన్ అనే ఈ పద్ధతిని జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో బయటపెట్టింది. దానివల్ల బోలెడంత తీగ మిగిలింది, కారు బరువు తగ్గింది, ఏ భాగం ఎందుకు పాడైందో స్కానరు పెట్టి తెలుసుకునే వీలు వచ్చింది. చిక్కల్లా ఒకటే. డబ్బా పోతే పాతది విప్పి కొత్తది బిగించినంత మాత్రాన పని కాదు. మిగతా డబ్బాలు ఆ కొత్తదాన్ని ఒప్పుకోవాలి. ఒప్పించే తాళంచెవి కంపెనీ దగ్గర ఉంటుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్ మీదికి వచ్చింది. మా వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. సెల్లారుల్లో ఉన్న కార్ల సంగతి చెప్పక్కర్లేదు. చాలా కార్లలో బీసీఎం ఉండేది డ్రైవరు మోకాళ్ల ఎత్తులోనో, పక్క సీటు ఎదుట గ్లవ్ బాక్సు వెనకో. అంటే నీళ్లు సీటు ఎత్తుకి చేరేసరికి అది మునిగే ప్రమాదం ఉంది. నీళ్లొక్కటే అయితే ఆరబెట్టుకుని కొంత గట్టెక్కవచ్చు. బ్యాటరీ కలిపి ఉండగా నీళ్లు చేరితే మాత్రం తడిసిన పిన్నుల మధ్య విద్యుద్విశ్లేషణ మొదలవుతుంది. రాగి కరిగి, పచ్చటి ఉప్పులా పక్క పిన్ను మీద పేరుకుంటుంది. అందుకే మునిగిన కారు వర్క్‌షాపు నుంచి వచ్చాక కొన్నాళ్లు బుద్ధిగా నడిచి, ఆ తర్వాత వేషాలు మొదలుపెడుతుంది. వరద కబురు రాగానే బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి పెట్టండని ఒక్క ముక్క ముందే చెప్పేవాళ్లుంటే ఎన్నో మాడ్యూళ్లు బతికేవి. ఇంజినులో నీళ్లు పోయిన బండికి సెల్ఫ్ కొట్టకూడదన్న సంగతి జనానికి తెలిసింది గానీ, ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

మా పక్క ఫ్లాటాయన కారుకి ఆ జబ్బే పట్టింది. అర్ధరాత్రి వైపర్లు వాటంతటవే ఆడేవి. కుడి ఇండికేటరు వేస్తే డోర్లు లాకయ్యేవి. సర్వీసు సెంటరుకి తీసుకెళితే బీసీఎం మార్చాలన్నారు. దాంతోపాటు డ్యాష్‌బోర్డు వైరింగ్ కిట్ మొత్తం మార్చాలన్నారు. అంచనా చూసి ఆయన బండి తిప్పుకొని వచ్చేశాడు. "మాస్టారూ, మీరొకసారి చూస్తారా?" అన్నాడు. ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్‌గా ఉన్న నా పాత విద్యార్థిని పిలిచాను. పాలిటెక్నిక్‌లో వెనక బెంచీవాడు. ఇవాళ మల్టీమీటరు పట్టుకుంటే నాకు పాఠం చెబుతాడు.

వాడు చేసిన మొదటి పని డబ్బా జోలికి పోకపోవడం. మంత్రి గారూ, ఇది కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే జనం డబ్బు ఎక్కువగా కారిపోయేది ఇక్కడే. "కంప్యూటర్ పోయింది సార్" అనడం తేలిక. నిజంగా పోయిందో లేదో తేల్చడానికి ఓపిక కావాలి. ముందు బ్యాటరీ చూశాడు. బండి ఆపి ఉంచినప్పుడు 12.6 వోల్టుల దగ్గర్లో ఉంది, ఇంజిను ఆడుతుండగా 14 దాటింది. అంటే బ్యాటరీ, ఆల్టర్నేటరు బాగానే ఉన్నాయి. తర్వాత ఫ్యూజులు. ఊడబీకి కంటితో చూడటం కాకుండా, అలాగే ఉంచి రెండు కొసల దగ్గరా వోల్టేజి కొలిచాడు. ఆ తర్వాత హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటరు, బ్లోయరు అన్నీ వేయించి, మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండో కొస బీసీఎం ఎర్త్ తీగ మీద పెట్టాడు. అక్కడ సున్నాకి దగ్గరగా రావాలి. పదో వంతు వోల్టు వరకు ఫరవాలేదు. ఒకటిన్నర వోల్టు చూపించింది.

కారణం డోర్ కింద, కార్పెట్ ఎత్తితే కనబడింది. అయిదారు నల్ల తీగలు ఒకే బోల్టు కింద కలిసే ఎర్త్ పాయింటు. దాని చుట్టూ బుడమేరు ఒండ్రు ఎండి గట్టిపడి ఉంది. వాచరు కింద తుప్పు పొరలు పొరలుగా లేచింది. బోల్టు విప్పి, ఎమెరీ కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, వాచరు మార్చి బిగించాడు. సగం వేషాలు అక్కడితో ఆగిపోయాయి. ఇండికేటరు వేస్తే ఇండికేటరే వెలిగింది. వైరింగ్ కిట్ మొత్తం మార్చాలన్న సలహా ఏమైందో మీరే ఊహించుకోండి.

మిగతా సగం మాత్రం డబ్బాలోనే ఉంది. దాని కప్లరు ఊడదీస్తే మూల పిన్నులు నాలుగు పచ్చగా బూజు పట్టినట్టున్నాయి, ఒకటి తాకగానే విరిగి చేతిలోకి వచ్చింది. ఇంక మార్చక తప్పదు.

ఇంటి దగ్గర మార్చవచ్చా? మార్చవచ్చు. బీసీఎం లాంటి డబ్బాని పది నంబరు స్పానరు, స్క్రూడ్రైవరు తెలిసిన మనిషి జాగ్రత్తగా మార్చుకోవచ్చు. ఆ జాగ్రత్తలు ఏ ఓనరు పుస్తకంలోనూ నాకు కనబడలేదు. కంపెనీ ఇచ్చే ఓనర్స్ మాన్యువల్లో ఏ పేజీ తిప్పినా ఆఖరి వాక్యం అధీకృత డీలరును సంప్రదించమనే. అసలు విషయమంతా వర్క్‌షాపు మాన్యువల్ అనే వేరే పుస్తకంలో ఉంటుంది. అది మనకి ఇవ్వరు. కాబట్టి వాళ్లు దాచిన సంగతులు కొన్ని మీకు నేనే రాస్తాను. ఇందులో బ్రహ్మవిద్య ఏదీ లేదని మీకే తెలుస్తుంది.

బ్యాటరీ తీయకముందే స్కానరు పెట్టి అన్ని డబ్బాల్లోనూ ఉన్న తప్పుల కోడ్లు రాసి పెట్టుకోవాలి, బ్యాటరీ తీస్తే కొన్ని చెరిగిపోతాయి. స్టీరియోకి కోడు ఉంటే అదీ రాసుకోవాలి. కారు అద్దం దించి, డిక్కీ తెరిచి ఉంచుకోవాలి. ఇది చాలామందికి తట్టదు. బ్యాటరీ వెనక డిక్కీలో ఉండే కార్లున్నాయి. కరెంటుతో తెరుచుకునే డిక్కీ మూతపడిందంటే బ్యాటరీ లోపల, మనం బయట. హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రానికి ఇటుక అడ్డం పెట్టి, ఇగ్నిషన్ ఆపి, తాళం తీసి దూరంగా పెట్టాలి. బటన్ స్టార్టు కారయితే ఆ తాళం జేబులో ఉన్నా కారు మేలుకునే ఉంటుంది. ఇగ్నిషన్ ఆపిన వెంటనే డబ్బాలన్నీ నిద్రపోవు. కొన్ని నిమిషాలు లెక్కలు చూసుకుంటూ ఉంటాయి. ఆ కాసేపూ ఆగాలి.

బ్యాటరీకి మైనస్ తీగే ముందు తీయాలి. ఎందుకంటే కారు ఒళ్లంతా మైనస్. ప్లస్ బోల్టు మీద స్పానరు ఉండగా దాని రెండో కొస బాడీకి తగిలిందా, వందల ఆంపియర్లు ఆ స్పానరు గుండా పోతాయి. చేతికి ఉంగరం ఉంటే వేలే పోవచ్చు. మైనస్ తీసేశాక ఆ ప్రమాదం లేదు. బిగించేటప్పుడు అదే మైనస్ అన్నిటికంటే ఆఖర్న.

మైనస్ తీశాక మళ్లీ ఆగాలి. ఈ ఆగడం దేనికో తెలియకే జనం ఆగరు. ఎయిర్‌బ్యాగు డబ్బాలో కెపాసిటర్లు ఉంటాయి. గుద్దుకున్న దెబ్బకి బ్యాటరీ తీగ తెగిపోయినా బ్యాగు పేలాలి కదా, అందుకని అందులో కొంత కరెంటు దాచి ఉంచుతారు. బ్యాటరీ తీసిన తర్వాత అది దిగిపోవడానికి కొంత సమయం పడుతుంది. ఒక కంపెనీ తొంభై సెకన్లంటుంది, ఇంకొకటి మూడు నిమిషాలంటుంది, పది నిమిషాలు ఆగమనేవీ ఉన్నాయి. మన కారుకి ఎంత అన్నది వర్క్‌షాపు మాన్యువల్లోనే ఉంటుంది. మనదేశంలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జులై నుంచి తప్పనిసరి. పక్క సీటుకి కూడా తర్వాత తప్పనిసరి చేశారు. అంటే ప్రభుత్వమే చట్టం చేసి ప్రతి కారులోనూ పేలుడు పదార్థం పెట్టించింది. ప్రాణాలు కాపాడుతోంది, మంచిదే. అది ఎన్ని నిమిషాలకి చల్లబడుతుందో మాత్రం యజమానికి చెప్పించలేదు. వేరే పని మీద డ్యాష్‌బోర్డు కింద తల దూర్చే ప్రతి మెకానిక్కూ, ఆఖరికి స్టీరియో మార్చే కుర్రాడు కూడా, ఆ అంకె తెలియకుండానే చెయ్యి పెడుతున్నాడు.

పసుపు రంగు కప్లర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగువి. వాటిని తాకకూడదు. వాటి మీద మల్టీమీటరుతో ఓములు అస్సలు కొలవకూడదు. మీటరు తన బ్యాటరీ నుంచి పంపే ఆ కాస్త కరెంటే బ్యాగుని పేల్చగలదు.

ఇక డబ్బా. కొత్తదాన్ని దాని కవరులోంచి ఆఖరి నిమిషం దాకా తీయకూడదు. నైలాను చొక్కా, సీటు కవరు రాసుకుంటే ఒంట్లో చేరే స్థిర విద్యుత్తు మనకి చురుక్కుమనదు గానీ, చిప్పుకి చాలు. ముందు కారు ఇనుము ముట్టుకుని, అప్పుడు డబ్బా అందుకోవాలి. మణికట్టుకి కట్టుకునే ఎర్త్ పట్టీ ఉంటే మరీ మంచిది. పాత డబ్బా మీది పార్టు నంబరు ఆఖరి అక్షరం దాకా కొత్తదానితో పోల్చాలి. చూడ్డానికి కవలపిల్లల్లా ఉండి, ఒకటి పొగమంచు లైట్లున్న మోడలుదీ రెండోది లేనిదానిదీ అయి ఉండవచ్చు. కప్లరు ఊడదీసేటప్పుడు ఫోనుతో ఫొటో తీసి, దాని తాళం మీట పూర్తిగా ఎత్తి, కప్లరు ఒళ్లు పట్టుకుని లాగాలి. తీగలు పట్టి లాగితే లోపల పిన్ను జారుతుంది, పైకి ఏమీ తెలియదు, ఆ తప్పు వెతకడానికి తర్వాత వారం పడుతుంది. తిరిగి పెట్టేటప్పుడు టక్కుమని శబ్దం రావాలి. రాకపోతే నొక్కడం కాదు, తీసి చూడాలి, పిన్ను వంగి ఉండవచ్చు.

అన్నీ బిగించి, మైనస్ పెట్టి, ఇంజిను వెయ్యకుండా ఇగ్నిషన్ మాత్రం వేసి మీటరు బోర్డు చూడాలి. ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి ఆరాలి. వెలగకపోయినా తప్పే, ఆరకపోయినా తప్పే.

మా వాడు ఇవన్నీ చేశాడు. ఆటోనగర్ దుకాణంలో బిల్లుతో కొన్న కొత్త ఒరిజినల్ బీసీఎం బిగించాడు. లైట్లు వెలిగాయి. తాళం తిప్పితే సెల్ఫ్ కదల్లేదు. మీటరు బోర్డు మీద తాళం బొమ్మ టపటపా కొట్టుకుంది.

ఆ కారులో తాళాన్ని గుర్తుపట్టే పని కూడా బీసీఎందే. తాళంచెవి పిడిలో చిన్న చిప్పు ఉంటుంది. తాళం పెట్టే చోట చుట్టిన కాయిలు దాన్ని చదువుతుంది, బీసీఎం సరిచూసి ఇంజిను డబ్బాకి "మనవాళ్లే" అని కబురు పంపుతుంది. అప్పుడే పెట్రోలు, స్పార్కు. కొత్త డబ్బాకి ఆ తాళాలు తెలియవు. ఆ కారులో ఏ సామాను ఉందో, ఏది లేదో కూడా తెలియదు. ఈ రెండూ నేర్పడాన్ని కోడింగ్, కీ లెర్నింగ్ అంటారు. బజారులో దొరికే చవక స్కానర్లు ఇంజిను తప్పుల కోడ్లు చదువుతాయి గానీ ఈ పని చేయవు. కంపెనీ సాఫ్ట్‌వేరు, కంపెనీ లాగిన్ కావాలి. కారుని టోయింగ్ బండి మీద సర్వీసు సెంటరుకి పంపితే, బయట బిగించిన పార్టుకి కోడింగ్ చేయడం తమ పాలసీ కాదన్నారు. పార్టు వాళ్లదే, బిల్లు ఉంది, ఆర్‌సీ ఉంది, యజమాని ఎదురుగా నిలబడి ఉన్నాడు.

చివరికి ఆ పని ఎవరు చేశారో రాయాలంటే ఇబ్బందిగానే ఉంది. ల్యాప్‌టాప్‌లో దొంగ కాపీ సాఫ్ట్‌వేరు పెట్టుకుని ఊరూరా తిరిగే ఒకతను వచ్చి, చాయ్ తాగేలోపు పూర్తి చేసి, నగదు తీసుకుని వెళ్లాడు. ఆర్‌సీ చూపించమని కూడా అడగలేదు. అతను కోడింగ్ మొదలుపెట్టబోతే బ్యాటరీకి సపోర్టు సప్లై ఉందా అని మా వాడే అడిగాడు. కోడు ఎక్కుతుండగా వోల్టేజి పడిపోతే డబ్బా మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ లేవకపోవచ్చు. మామూలు చార్జరు పెట్టినా ఆ కరెంటులో ఒడుదొడుకులుంటాయి. నిలకడగా ఇచ్చే సప్లై వేరే ఉంటుంది. "ఏం కాదన్నా" అన్నాడతను. అదృష్టవశాత్తూ ఏం కాలేదు.

మంత్రి గారూ, తాళాల కోడింగ్ బయటివాళ్లకి ఇస్తే దొంగలు చెలరేగుతారని కంపెనీలు మీ ముందు వాదిస్తాయి. ఆ వాదన వచ్చినప్పుడు ఈ చాయ్ కబురు గుర్తు చేసుకోండి. దొంగకి కావలసిన పరికరం ఇప్పటికే బజారులో ఉంది. అడ్డుపడుతున్నది ఆర్‌సీ చేత్తో పట్టుకుని నిలబడ్డ యజమానికే. అమెరికాలో ఈ చిక్కుని వేరేలా విప్పారు. తాళాల సమాచారం కావలసిన మెకానిక్కు ముందు తన వివరాలిచ్చి, తనిఖీ అయ్యాక నమోదు చేయించుకుంటాడు. ఏ కారుకి, ఎప్పుడు, ఎవరు కోడు తీసుకున్నారో రికార్డు ఉంటుంది. యూరప్ కూడా స్వతంత్ర మెకానిక్కులకి భద్రతా సమాచారం ఇవ్వడానికి అలాంటి గుర్తింపు పద్ధతే పెట్టింది. దొంగకి భయం, మెకానిక్కుకి గౌరవం. మన దగ్గర రెండూ తలకిందులుగా ఉన్నాయి.

పుస్తకం సంగతి కూడా అంతే. మసాచుసెట్స్ రాష్ట్రం 2012లో ఓటర్లనే అడిగి కార్ల రిపేరు హక్కు చట్టం చేసుకుంది. 2014లో కంపెనీలు అదే పద్ధతిని దేశమంతా పాటిస్తామని ఒప్పందం రాసిచ్చాయి. డాలస్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు తన టొయోటాకి పని పడితే కంపెనీ సైట్లో రెండు రోజులకి చందా కట్టి, వర్క్‌షాపు మాన్యువల్ అంతా తన వరండాలో కూర్చుని చదువుకుంటాడు. అక్కడ మన పిల్లలు చాలామంది కారు పని సొంతంగా చేసుకోవడం నేర్చుకున్నది కూలీ ఖరీదు చూసి భయపడే, కాదనను. అయినా నేర్చుకోవడానికి పుస్తకం దొరికింది. అదే కుర్రాడు సెలవుల్లో ఇక్కడికొచ్చి వాళ్ల నాన్న కారు బానెట్ ఎత్తితే చేతులు కట్టుకుని నిలబడాలి.

ఇదంతా విదేశీ సరుకు అని కొట్టిపారేయడానికి లేదు. మన దేశంలోనే 2011లో ఒక మామూలు వినియోగదారుడు ఇచ్చిన ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ విచారణ జరిపి, 2014 ఆగస్టు 25న తీర్పు ఇచ్చింది. స్పేర్ పార్టులు, స్కానింగు పరికరాలు బయటి మెకానిక్కులకి అందనివ్వకుండా చేస్తున్నారని 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల రూపాయల పైన జరిమానా వేసింది. విడిభాగాలు, పరికరాలు బహిరంగ మార్కెట్లో పెట్టమంది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం పోయినట్టేనని గంపగుత్తగా షరతు పెట్టకూడదంది. కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి, కేసు ఏళ్ల తరబడి ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి ఎక్కింది. ఆటోనగర్‌లో ఆ తీర్పు పేరు విన్నవాడు నాకు కనబడలేదు. 1966లో మొదలైన ఆటోనగర్ అది. లారీ బాడీ దగ్గర్నుంచి డీజిల్ పంపు దాకా చేత్తో తయారుచేసిన మనుషులున్న చోటు. తమ తరఫున అంత పెద్ద తీర్పు వచ్చిందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

మీ పోర్టల్లోకి వెళ్లాను. కస్టమర్ కేర్ వివరాలు, సర్వీసు సెంటర్ల దారి చూపించడం వరకు బాగానే ఉంది. మా పక్కాయన కారుకి బీసీఎం విప్పే పద్ధతి, ఎయిర్‌బ్యాగు కోసం ఆగాల్సిన నిమిషాలు, కోడింగ్ దారి మాత్రం అక్కడ నాకు దొరకలేదు. వస్తువు ఎంత తేలిగ్గా రిపేరవుతుందో తెలిపే రిపేరబిలిటీ ఇండెక్స్ కోసం మీ శాఖ 2024లో వేసిన కమిటీ కూడా మొబైళ్లు, ఎలక్ట్రానిక్ వస్తువులనే చూసింది. కారుని పక్కన పెట్టారు. కానీ ఇప్పటి కారు ఎలక్ట్రానిక్ వస్తువే కదా, చక్రాలున్నాయన్న మాటే గానీ.

అన్నీ ఇంట్లోనే విప్పుకోనివ్వండని నేను అడగడం లేదు. ఎయిర్‌బ్యాగు డబ్బా ఇంటి దగ్గర మార్చకూడదు. ఏబీఎస్ డబ్బా బ్రేకు ఆయిలు పంపుతో కలిసి ఉంటుంది, అది విప్పితే గాలి చేరుతుంది, స్కానరుతోనే గాలి తీయాల్సిన బళ్లున్నాయి, అదీ వద్దు. కరెంటు స్టీరింగు వద్దు. బ్యాటరీ కార్లలో నారింజ రంగు తీగల జోలికి అసలే వద్దు. వాటిలో మూడు వందల వోల్టులకి పైన పారే బళ్లు మన వీధుల్లో తిరుగుతున్నాయి, ఆ కరెంటు పట్టుకుంటే వదలదు. గీత ఎక్కడ గీయాలన్న దాని మీద నాకూ కంపెనీలకీ పెద్దగా తగాదా ఉండదు. నా తగాదా గీతకి ఇవతల ఉన్నవాటి గురించి. బీసీఎం, కిటికీ అద్దాల డబ్బా, ఏసీ కంట్రోలు, పార్కింగు సెన్సార్ల డబ్బా, సీటు మోటారుది. వీటికి కూడా కంపెనీ అదే గోడ కట్టింది. పైగా గీత ఎక్కడుందో చెప్పే పుస్తకాన్నే గోడ అవతల పెట్టింది. దాంతో తెలిసినవాడు ఆగిపోతున్నాడు, తెలియనివాడు యూట్యూబులో వేరే దేశపు, వేరే మోడలు వీడియో చూసి పసుపు కప్లరు పీకుతున్నాడు.

అందుకని నా కోరికలు ఇవీ. వర్క్‌షాపు మాన్యువల్‌ని రోజుకో వారానికో చందా కట్టి చదువుకునేలా ప్రతి కంపెనీ చేత ఆన్‌లైన్లో పెట్టించండి. ధర ఇక్కడి మెకానిక్కు భరించేలా ఉండాలి. అందులో ప్రాణానికి సంబంధించిన పేజీలు, అంటే ఎంతసేపు ఆగాలి, ఏ రంగు తీగ ముట్టుకోకూడదు, బ్యాటరీ ఎలా తీయాలి, ఇవి మాత్రం ఉచితంగా, తెలుగుతో సహా అన్ని భాషల్లోనూ ఇప్పించండి. వాటి మీద వ్యాపారం చేయనివ్వకండి. ఛాసిస్ నంబరు కొడితే ఏ డబ్బాకి ఏ పార్టు నంబరో కనబడాలి. ప్రాణభద్రతతో సంబంధం లేని డబ్బాల కోడింగ్, ఆర్‌సీ, యజమాని గుర్తింపు చూపిస్తే, నిర్ణీత రుసుముకి ఏ సర్వీసు సెంటరైనా చేసి తీరాలి. పార్టు ఎక్కడ కొన్నావని అడగకూడదు. ఒరిజినలా కాదా అన్నదే అడగాలి. తాళాల పనికి మెకానిక్కులని నమోదు చేయండి. దానికి ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. పరీక్ష పెట్టండి, సర్టిఫికెట్ ఇవ్వండి, తప్పు చేస్తే తీసేయండి. మా వాడు ఆ పరీక్షకి మొదటి రోజే కూర్చుంటాడు.

ఇంకొకటి, చిన్నదే. 2021 నిబంధనల కింద పాత వాహనాలని తుక్కు చేసే కేంద్రాలు వచ్చాయి. అక్కడికి వచ్చే కార్లలో చక్కగా పనిచేసే మాడ్యూళ్లు ఎన్నో ఉంటాయి. పాత కారుతో ముడిపడి ఉన్నందువల్ల వాటిలో చాలావాటిని ఇంకో కారుకి వాడలేరు, నేరుగా చెత్తలోకి పోతాయి. కారు రిజిస్ట్రేషన్ రద్దయిన రోజున ఆ ముడి విప్పే పద్ధతి కంపెనీల చేత పెట్టిస్తే, కొత్త డబ్బా ధర భరించలేని పాత బండి యజమానికి సగం ఖర్చులో పని జరుగుతుంది. దొంగబండి డబ్బా కాదని రికార్డే చెబుతుంది.

ఈ విషయంలో కంపెనీలని పిలిచి మాట్లాడేటప్పుడు ఆటోనగర్ నుంచి ఒక ఎలక్ట్రీషియన్ని కూడా పిలవండి. విజయవాడే కానక్కర్లేదు, హైదరాబాదైనా, గుంటూరైనా ఫరవాలేదు. స్లైడ్లు చూపించలేడు గానీ, బల్ల మీద ఒక బీసీఎం, మల్టీమీటరు పెడితే అరగంటలో మీకు అంతా అర్థమయ్యేలా చెబుతాడు.

భవదీయుడు,
సింగ్‌నగర్ నివాసి, రిటైర్డ్ పాలిటెక్నిక్ లెక్చరర్,
విజయవాడ